మట్టికి జ్వరం చూసినవాళ్ళం

మీరిప్పుడు ఫోను మీద వేలితో రాస్తే రేపు వానో ఎండో అదే చెప్పేస్తోంది. మంచిదే. మా రోజుల్లో వేలు మట్టిలో పెట్టేవాళ్ళం. ఆ తరవాత వేలు తీసేసి గాజుగొట్టం పెట్టేం. వేలికి బదులు గొట్టం ఎందుకొచ్చిందో చెప్దామనే ఇది రాస్తున్నాను. ఇందులో ఉన్న పెద్దాయన ఇప్పుడు లేరు. ఉన్నా పేరు చెప్పేవాణ్ణి కాదు. నా నోటికి తాళం లేదని మా ఇంట్లోవాళ్ళు అంటారు గానీ, ఒక్క తాళం ఉంది. అదే ఇప్పుడు తీస్తున్నాను.

నేను చదివింది ఏడో తరగతి. మానేశానని కొందరంటారు, అది తప్పు. ఏడో తరగతిలో నేను బల్లతో పాటు పాతబడిపోతుంటే, "ఇంకెంతకాలం ఉంటావు నాయనా" అని మేష్టారే మొహమాటపడుతూ అడిగేరు. బడి వదిలేక కొబ్బరి దింపు చూశాను, రావులపాలెంలో లారీలకి అరటిగెలలు ఎత్తేను, చివరికి కొత్తపేట అవతల కాలవగట్టు మీదున్న డిపార్టుమెంటు బంగళాలో చిన్నమాలీగా తేలేను. డెబ్భైల చివరి మాట. కాలవలు చూడ్డానికొచ్చిన ఇంజనీర్లు దిగే బంగళా అది. చిన్నమాలీ అంటే మొక్కలకి నీళ్ళు పోసేవాడు. పెద్దమాలీ అంటే నీళ్ళు పోసేవాణ్ణి తిట్టేవారు.

ఆ పెద్దమాలీని నేను బాబాయిగారూ అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు అంతే, చుట్టరికం లేనివాళ్ళకి గారు తగిలిస్తాం, ఉన్నవాళ్ళతో దెబ్బలాడతాం. బక్కపలచటి మనిషి. తలపాగా మాత్రం ఇద్దరికి సరిపోయేది. ఆయన జుట్టు ఆ బంగళాలోనే నెరిసింది, కానీ అప్పటికీ మస్టరు కూలీయే. పనుంటే మస్టర్లో పేరుంటుంది, లేకపోతే మనిషే ఉండడు. పర్మనెంటు అయితే ముసలితనంలో పింఛను వస్తుంది. ఆ ఏడు దాటితే వయసు మీరిపోయి ఇంక ఎప్పటికీ పర్మనెంటు అవ్వరు. ఇదీ ఆయన సంగతి.

ఆ ఏడే గోదారి పొంగి, కాలవగట్టు తెంపి, పోతూ పోతూ బంగళా ముందున్న లాను మీద జానెడు ఒండ్రు పరిచి పోయింది. ఒండ్రుతో పాటు తుంగ. తుంగంటే తెలుసుగా, మీరు పైన పీకితే కింద దుంప నవ్వుకునే గడ్డి. పెద్ద ఇంజనీరుగారు వచ్చి చూసి, "ఈ మట్టి చక్కగా చదును చేసి కొత్త లాను వెయ్యండి. శివరాత్రి దాటేక మళ్ళీ వస్తాను. పచ్చగా కనపడితే పెద్దమాలీ పేరు పర్మనెంటుకి రాసి పంపుతాను" అన్నారు. మామూలుగా అయితే గట్టు మీది గరిక తెచ్చి నాటేవాళ్ళం. ఆయన "గట్టు గరిక వద్దు, దాంతో మళ్ళీ తుంగొస్తుంది" అని, మేలురకం గరిక విత్తనం ఒక డబ్బా తెప్పించి పంపేరు. విత్తనం ఆవాల కన్నా సన్నం. తుమ్మితే లాను పక్కూళ్ళో మొలుస్తుంది.

డబ్బా చేరేటప్పటికి మార్గశిరం. మంచు కురుస్తోంది. చుట్టూ చేలల్లో రెండో పంటకి, అదే దాళ్వాకి, నారుమళ్ళు పోస్తున్నారు. బాబాయిగారు అది చూసి, "వరికి లేని చలి గడ్డికెక్కడిదిరా? అదును ఇదే" అని, డబ్బాలో సగానికి తక్కువ తీసి ఇసకలో కలిపి చల్లించేరు. ఎదురుచూశాం. మొలిచింది. కిందకి వొంగి చూస్తే తుంగ.

బంగళా అజమాయిషీ చూసే ఓవర్సీరుగారికి కంగారు పుట్టింది. ఆయనకి కంగారు పుడితే ఈల వేస్తారు, పాపం ఏ పాటా పూర్తిగా రాదు. ఈలేసుకుంటూ వెళ్ళి వ్యవసాయ శాఖలో చెప్పేరు. అక్కణ్ణించి ఒక అమ్మాయిగారు వచ్చేరు. రాజోలు వైపు మనిషి. తాతలు చేలల్లో కూలికెళ్ళినవాళ్ళు, తల్లి మిషను ఆసుపత్రిలో నర్సు, ఈవిడ ఆఫీసరు. మూడు తరాల్లో గట్టు మీంచి కుర్చీ దాకా వచ్చిన ఇల్లు. బస్సు దిగి, గొడుగేసుకుని, చంకలో చెక్కపెట్టెతో వచ్చి, పెట్టె తెరిచి, కొడవలిలా వొంగిన గాజుగొట్టం ఒకటి తీసేరు. వంపు కిందిభాగం మట్టిలో నాలుగు వేళ్ళ లోతున పాతి, పై భాగంలో పాదరసం చూడాలి.

"ఏమిటండీ ఇది?" అన్నారు బాబాయిగారు.

"మట్టి వేడి చూసేదండి. గాలి చలి వేరు, మట్టి చలి వేరు. విత్తనం పడుకునేది మట్టిలో కదండీ. దుప్పటి చల్లగా ఉంటే ఎవరు లేస్తారు?"

"దుప్పటి చల్లగా ఉంటే లేస్తారండి, వెచ్చగా ఉంటేనే లెగరు" అన్నాను నేను.

ఆవిడ నవ్వేరు. బాబాయిగారు నవ్వలేదు. "నా చేతికి తెలీదా మట్టి సంగతి? మట్టికి జ్వరం చూస్తారంట" అని గొణుక్కుంటూ టీ పెట్టడానికెళ్ళేరు.

ఆవిడ పొద్దున్నే, ఎండ పడకముందు చూడమన్నారు. మధ్యాహ్నం మట్టి అబద్ధం చెబుతుందిట, పైన వెచ్చగా కనపడి లోపల చల్లగా ఉంటుందిట. పొద్దుటి పాదరసం ఎక్కడిదాకా రావాలో నాకు వేలితో చూపించేరు. అంకెల్లో నేను పొరపడతానని అక్కడ ఎర్రదారం కట్టేను. "దారం దాటి, కొన్నాళ్ళు కిందకి దిగకుండా నిలబడితే అప్పుడు చల్లండి. ఈలోగా మొలక వస్తుందో లేదో చూస్తాను" అని డబ్బాలోంచి గుప్పెళ్ళతో కొంత విత్తనం పట్టికెళ్ళేరు.

టీ సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే కథ కుంటుతుంది. బాబాయిగారు అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ ఇచ్చేవారు. ఆ అమ్మాయిగారికి మాత్రం వేరే గ్లాసు. తాగేక ఆ గ్లాసు లోపలికి రాదు, కిటికీలో బోర్లిస్తారు. ఎందుకని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు. "బాగుందండీ టీ" అని తాగి, ఆవిడే కిటికీలో పెట్టి వెళ్ళేవారు. ఇంకొకటి. కాగే టీ గ్లాసుని బాబాయిగారు తుండుగుడ్డ లేకుండా వట్టి చేత్తో పట్టుకొచ్చేవారు. "అవి చేతులు కావండీ, పట్టుకార్లు" అనేవాణ్ణి నేను. ఆయన ఓ నవ్వు నవ్వి ఊరుకునేవారు. నవ్వుల్లో రకాలున్నాయని నాకప్పటికి తెలీదు.

మట్టికి జ్వరం చూస్తున్నామని ఊరంతా పాకింది. పాలాయన సైకిలు దిగి, "ఎలా ఉందండీ ఒంట్లో, మీ నేలకి?" అని అడిగేవాడు. "జ్వరం కాదండి, చలి. రాత్రి మిరియాల కషాయం పోశాం" అనేవాణ్ణి. ఒక రైతుగారు నిజంగానే వచ్చి, "మా చేను కూడా ఓసారి చూస్తారా, కాస్త నీరసంగా ఉంది" అన్నారు. చూసి, "ఫరవాలేదండి, మెత్తటి పథ్యం పెట్టండి" అని పంపించేను.

పాదరసం మాత్రం దారం కిందే కూర్చుంది. రోజూ పొద్దున్న నేను గొట్టం దగ్గర వొంగడం, బాబాయిగారు అరుగు మీంచి "ఎక్కిందా?" అనడం, "లేదండీ" అనడం. ఆయనకి ఆగాలనిపించలేదు. శివరాత్రి ఆగదు కదా.

వరి రైతులకి తెలిసిన కిటుకొకటుంది. విత్తనాలు నానబెట్టి గోనెలో మూటగట్టి, గడ్డి కప్పి బరువు పెడతారు. దాన్ని మండె కట్టడం అంటారు. లోపల వేడి పుట్టి మొలకొస్తుంది. మధ్యమధ్యలో చెయ్యి దూర్చి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే, చురుక్కుమంటే విప్పి నీళ్ళు చల్లాలి. మండెకి చెయ్యే థర్మామీటరు. బాబాయిగారు "భూమి వెచ్చబడకపోతే మనమే వెచ్చబెడదాం" అని మిగిలిన గరిక విత్తనానికి మండె కట్టేరు. గరికకి మండె కట్టినవాళ్ళు భూమ్మీద మేమిద్దరమే అయ్యుంటాం. మూట చిన్నది, దానంతట దానికి వేడి పుట్టదు. అందుకని తీసుకెళ్ళి పెరట్లో పెంటకుప్ప నడుమ పాతేరు.

మర్నాడు పొద్దున్న ఆయన మోచెయ్యి దాకా కుప్పలో దూర్చి, "ఆయ్, గోరువెచ్చగా ఉంది. ఇంకో పూట ఉండనీరా" అన్నారు.

మూట ఎంత ఉబ్బిందో చూద్దామని నేనూ చెయ్యి పెట్టేను. పెట్టినంత వేగంగా తీసేశాను.

"బాబాయిగారూ! ఇది గోరువెచ్చనా అండీ? కోడిగుడ్డు పెడితే ఉడికిపోతుంది!"

ఆయన చెయ్యి ఇంకా లోపలే ఉంది. చూపు మాత్రం నా మొహం మీద ఉంది. నా మొహం చూసి ఎంత వేడిగా ఉందో తెలుసుకుంటున్నారు. మెల్లిగా చెయ్యి తీసేరు. ముంజేతి దాకా ఎర్రగా కమిలిపోయింది. ఆయన దాని వంక, ఎవరో తెచ్చి అక్కడ పెట్టిన వస్తువులా చూశారు.

"ఎన్నాళ్ళయిందండీ?" అన్నాను.

"రెండేళ్ళ పైన." తలపాగా విప్పి చెయ్యి చుట్టుకున్నారు. "ముందు ఎడం చెయ్యి. తరవాత ఇది. ఇప్పుడు అరికాళ్ళు. ఒరేయ్ అబ్బాయ్, నీకు దణ్ణం పెడతాను. నీ నోటి సంగతి నాకు తెలుసు. ఈ ఒక్కటీ..."

ఆ రోజుల్లో చేతికి తిమ్మిరి అంటే ఊళ్ళో వాడే మాట ఒకటే. ఆ మాట రాయను, మీకు తెలుసు. ఆ మాట బయటపడితే పర్మనెంటు మాట అలా ఉంచండి, మస్టర్లో పేరుండదు. ఆయన టీ ఎవరూ తాగరు. నేను ఏదో అన్నాను, జోకు కాదు, ఏమన్నానో గుర్తులేదు.

విత్తనం విప్పి చూస్తే ఉప్మాలా ఉంది.

రెండ్రోజులకి అమ్మాయిగారు వచ్చేరు. కిటికీలోంచి తన గ్లాసు తీసుకుంటూ, ఆయన చేతి మీద బొబ్బలు చూశారు. "ఏమైందండీ?" అంటే, "టీ ఒలికిందమ్మా" అన్నారాయన. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నారు. ఆయన వెనక్కి లాక్కోబోయేరు, ఆవిడ వదల్లేదు. తలలోంచి పిన్ను తీసి, బొబ్బల్లేని చోట నెమ్మదిగా తాకిస్తూ, "ఇక్కడ తెలుస్తోందా అండీ? ఇక్కడ?" అని అడుగుతూ పోయేరు. ఆయన కళ్ళు మూసుకున్నారు.

"మా అమ్మ పనిచేసేది ఇలాంటివాళ్ళ దగ్గరేనండి. నేను ఆ ఆసుపత్రి ఆవరణలోనే పెరిగేను. దీనికి మందుంది బాబాయిగారూ. వాడితే అక్కడితో ఆగిపోతుంది. మీవల్ల ఎవరికీ ఏమీ కాదు. పోయిన స్పర్శ మాత్రం వెనక్కి రాకపోవచ్చు, అబద్ధం చెప్పను."

ఆయన కళ్ళు తెరిచి అన్నారు, "అయితే నా గ్లాసు కూడా ఆ కిటికీలో పెట్టించండమ్మా."

ఆవిడ కిటికీ వంక చూశారు. "వద్దండి. రెండూ లోపలే పెడదాం."

ఆ రోజు గ్లాసులు నేను కడిగేను. ఏది ఎవరిదో కావాలనే మర్చిపోయేను. ఆ తరవాత ఎవరికీ గుర్తు రాలేదు.

మోకాళ్ళ నొప్పులని ఓవర్సీరుగారికి చెప్పి బాబాయిగారిని ఆసుపత్రికి పంపేం. మాత్రలిచ్చేరు, నల్లరబ్బరు చెప్పులిచ్చేరు. అరికాలికి స్పర్శ లేదు కాబట్టి ముల్లు గుచ్చుకున్నా తెలీదు, చెప్పుల్లేకుండా అడుగు వెయ్యొద్దన్నారు. అప్పటికే ఎడంకాలి కింద ఓ పుండుంది, కట్టు కట్టేరు.

విత్తనానికొస్తే, మొలక చూడ్డానికని ఆవిడ పట్టికెళ్ళిన గుప్పెళ్ళే మిగిలేయి. ఇక అది తప్పితే ఏమీ లేదు. బాబాయిగారు ఈసారి గొట్టాన్ని చూసి గొణగలేదు. తెల్లారకుండా వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, పాదరసానికీ ఎర్రదారానికీ మధ్య ఎడం చూసేవారు. చేతికి తెలీనిది కంటికి తెలుస్తోంది కదా. ఒకరోజు అమ్మాయిగారితో, "రైసుమిల్లులో నల్ల ఊకబూడిద ఉంటుందండి. నారుమళ్ళ మీద చల్లుతారు. నలుపు ఎండ లాగుతుంది, దీని మీదా చల్లితేనో?" అన్నారు. ఆవిడ కాదనలేదు. "సగం చోట చల్లి, రెండు చోట్లా గొట్టం పెట్టి చూద్దామండి" అన్నారు. బూడిదున్న సగంలో పాదరసం ఓ గీత పైన నిలబడింది. ఆయన ఆ గీత నాకు మూడుసార్లు చూపించేరు. సాయంత్రం నీళ్ళు పెట్టడం మానిపించి, ఎండెక్కేక పెట్టించేరు ఆవిడ. చల్లటి నీళ్ళతో పడుకోబెడితే మట్టి తెల్లారేదాకా వణుకుతుందిట.

రథసప్తమి వెళ్ళింది. సూర్యుడు రథం తిప్పుతాడంటారుగా, మా గొట్టంలో నిజంగానే తిప్పేడు. ఒకరోజు పాదరసం దారాన్ని తాకింది, మర్నాడు దాటింది, ఆ తరవాత దిగలేదు. "చల్లమంటావా?" అని నన్నడిగేరు బాబాయిగారు, నేనక్కడ చేరేక మొదటిసారి. విత్తనం కొంచెమే కాబట్టి బంగళా మెట్ల ముందు వరకే చల్లేం. పైన పల్చగా బూడిద, బూడిద మీద ఎండిన కొబ్బరాకులు, పిట్టలు ఏరకుండా. వారం దాటేక ఒకపొద్దున్న ఆకు ఎత్తి చూస్తే, నల్లటి బూడిదలోంచి ఆకుపచ్చటి నూలుపోగులు. వొంగి చూశాను. తుంగ కాదు.

పెద్ద ఇంజనీరుగారు ఉగాదికి ముందు వచ్చేరు. అప్పటికి గడ్డి పాకి, మెట్ల ముందంతా చాపలా కమ్ముకుంది. చాప అంచు దాటితే బోడినేలే, కానీ చాప మాత్రం చాపే. మా బంగళాలో బాబాయిగారు పెట్టిన నియమం ఒకటుంది. ఎంత ఆఫీసరైనా లాను మీదికి చెప్పుల్తో రాకూడదు. ఇంజనీరుగారికి అది తెలుసు. బూట్లు విప్పి, మేజోళ్ళు విప్పి, ఫ్యాంటు మడుచుకుని గడ్డిలోకి దిగేరు. వెనకాల ఓవర్సీరుగారు, గుమాస్తాలు, అందరూ బోసికాళ్ళతో దిగేరు.

"భలే ఉందయ్యా! పెద్దమాలీ, నువ్వేం గట్టు మీద నించున్నావు? రావయ్యా, నీ గడ్డి" అన్నారాయన.

బాబాయిగారు కదల్లేదు. కాళ్ళకి నల్లరబ్బరు చెప్పులు. విప్పితే కట్టు కనపడుతుంది. విప్పకుండా దిగితే తను పెట్టిన నియమం తనే తప్పినట్టు. దిగకపోతే ఇంజనీరుగారు పిలిచినా రాని పొగరు.

"చెప్పులు విప్పవయ్యా" అని పళ్ళ మధ్యనించి అన్నారు ఓవర్సీరుగారు. ఈల కూడా రావటం లేదు ఆయనకి.

బాబాయిగారు చెప్పు వైపు వొంగేరు. నేను నోరు తెరిచేను.

"ఆయన రారండి. మనవడు పుట్టేదాకా కూతురింట్లో భోజనానికి చెయ్యి కడగని పెద్దలు మా వైపు ఇంకా ఉన్నారండి. ఇవాళే పిల్లని మీకప్పగించేరు. ఇంక కాలు పెట్టమంటే ఎలా పెడతారండీ?"

 ఇంజనీరుగారు పగలబడి నవ్వేరు. "వీడెవడయ్యా?"

"చిన్నమాలీ అండి" అన్నారు ఓవర్సీరుగారు, ఏడవలేక. "నోరే పెద్దదండి."

"మరి మనవడెప్పుడురా?"

"మొదటి కోతకండి. తమరు మళ్ళీ రావాలి."

"వస్తాను" అన్నారు. అని, బాబాయిగారి వంక చూశారు. ఆ చూపు మొహం మీంచి చెప్పుల దాకా దిగి, అక్కడ కొంచెం ఆగింది. ఆ చెప్పులు ఎక్కడ ఇస్తారో తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. ఆయనకి తెలుసో తెలీదో నాకు ఇప్పటికీ తెలీదు. ఆయన అన్నది ఒకటే మాట. "పెద్దమాలీ, నువ్వక్కడే ఉండు. ఓవర్సీరు, ఈయన పేరు ఇవాళే పంపండి."

పేరు వెళ్ళింది, ఆర్డరు వచ్చింది. ఎనభైల్లో ఆయన పింఛనుతోనే దిగేరు. మందు వేసుకున్నారు, జబ్బు అక్కడితో ఆగింది. చేతులు మాత్రం అమ్మాయిగారు చెప్పినట్టే తిరిగి రాలేదు. ఏ విత్తనం వెయ్యాలన్నా, ఏ ఎరువు చల్లాలన్నా, పొద్దున్నే ఆ గొట్టం చూసేవారు. ఎర్రదారం వెలిసిపోతే కొత్తది కట్టించేవారు.

ఆ రోజు సాయంత్రం మాట చెప్పి ఆపేస్తాను. జీపులు వెళ్ళిపోయేయి. బాబాయిగారు మెట్ల మీద కూర్చున్నారు, చెప్పులతోనే. నేను గడ్డిలో నీళ్ళ గొట్టం చుడుతున్నాను.

"ఏరా, ఎలా ఉంది?"

"ఏదండీ?"

"గడ్డి. కాలికి."

వెటకారం ఒకటి నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. గొట్టం కింద పడేసి, రెండు కాళ్ళూ ఆనించి నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి ఒళ్ళు దగ్గరపెట్టుకుని జవాబు వెతుక్కున్నాను.

"మెత్తగా ఉందండి. లేగదూడ నుదురు నిమిరినట్టు. పైన చల్లగా ఉంది."

"కింద? మట్టి?"

నేను వేళ్ళు కొంచెం లోపలికి దించేను. పగలంతా తాగిన ఎండ ఇంకా అక్కడే ఉంది.

"గోరువెచ్చగా ఉందండి బాబాయిగారూ."

ఆయన పెంటకుప్ప దగ్గర చూసినట్టే నా మొహంలోకి చూశారు. ఈసారి అక్కడ కనపడిందేదో ఆయనకి సరిపోయింది. "ఆయ్" అని, తలపాగా సర్దుకుని, టీ పెట్టడానికి లేచేరు.